ఏం కొడితే దొరికినం?

గత వానాకాలంలో ఒక సాయంత్రం ఖమ్మం బస్టాండు నుంచి ఖానాపురం హవేలికి షేర్ ఆటోలో వస్తున్నాను. పక్కన కూర్చున్న యువకుడు తన ఫోనులో ‘భద్రాచలం గోదావరి నీటిమట్టం ఈరోజు’ అని కొట్టాడు. రెప్పపాటులో అంకె వచ్చింది. నీరు పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలిపే బాణం గుర్తు కూడా వచ్చింది. అతడు దానిని ఒకసారి చూసి, ఫోను జేబులో పెట్టుకొని, డ్రైవరుతో మిర్చి ధర గురించి మాట్లాడసాగాడు.

నేను దిగవలసిన చోటు దాటిపోయాను. ఆ ఒక్క అంకె కోసం ఒక స్త్రీ గొడుగు పట్టుకొని కరకట్ట వైపు దాదాపు పరుగున వెళ్లిన మధ్యాహ్నం నా కళ్ల ముందు నిలిచింది. ఆమె మరణవార్త నాకు చేరి అప్పటికి ఎంతో కాలం కాలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. దానికి కారణం ఆమే. భద్రాచలంలో ఆమె నడిపిన ఇంటర్నెట్ సెంటరులో నేను పనిచేసినంత కాలం ఆమె తన పేరు చెప్పుకోగా నేను వినలేదు. అంతకుముందు చాలా ఏళ్లు ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేశారు. ఆ రోజులలో ఒక ఊరి ఆపరేటరు మరొక ఊరి ఆపరేటరును సొంత పేరుతో పిలిచేవారు కాదట. ఊరి పేరుతోనే పిలిచేవారట. “దుమ్ముగూడెం, బాగున్నవా? నేను భద్రాచలాన్ని.” ఎక్స్ఛేంజీలో మనుషుల పని యంత్రాలకు వెళ్లిపోయి, ఆమె స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్లం. ఫోనులో మాత్రం ఆమె ఒక ఊరు.

ఫోను ఎత్తగానే ‘హలో’ అనేవారు కాదు. “చెప్పండి, వింటున్న” అనేవారు. అవతలివారు చెప్పినదంతా విని, దానిని ముక్కలు చేసి తిరిగి అప్పజెప్పేవారు. “ఇద్దరు పెద్దోళ్లు, ఒక పాప, ఆదివారం లాంచీ, భోజనంల మాంసం వద్దు. అంతే కదా?” అవతలి నుంచి “అంతే” అనే మాట వచ్చే వరకు ఆమె చూపుడు వేలు ఫోను తీగను చుట్టుకుంటూనే ఉండేది. ఆలోచించవలసి వస్తే ఫోను నోటి మీద అరచేయి పెట్టేవారు. ఆ అరచేయి పడగానే గదిలో ఉన్న మేము కూడా మాట ఆపేవాళ్లం.

ఆమెకు ఒక నియమం ఉండేది. దానిని చాలా గర్వంగా చెప్పేవారు.

“నా సర్వీసు మొత్తంల ఇద్దరు మాట్లాడుకుంటుంటే నడిమిట్ల ఒక్క మాట అనలేదు. సంబంధాలు చెడిపోతుంటే విన్న. చావు కబుర్లు విన్న. కలుపుడు వరకే మన పని. సలహా ఇచ్చుడు ఆపరేటరు పని కాదు.”

నేను మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా అమ్మానాన్నలు ములకలపల్లి వైపు అడవి అంచున కొద్దిపాటి సేద్యం చేస్తూ, ఎండాకాలం తునికాకు కోసేవారు. బి.ఎస్సీ. కంప్యూటర్స్ పట్టాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని నేను ఆమె ముందు నిలబడినప్పుడు, ఆమె ఆ కవరు వైపు చూడలేదు. నన్ను ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, సెర్చ్ ఇంజన్ తెరిచి, తాను వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు.

“నువ్వు హైదరాబాదుల ఉన్నవనుకో. పాపికొండలు చూడాలని మనసైంది. ఏం కొడ్తవు?”

నేను ఎంతో జాగ్రత్తగా, కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్న ఒక పూర్తి వాక్యం ఇంగ్లీషులో టైపు చేశాను. ఆమె దానిని చదివి పకపకా నవ్వారు.

“అబ్బో! కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నట్టుంది. గింత మర్యాదగ ఎవ్వరు వెతకరు డిగ్రీ. సరే, రేపట్నుంచి పనికి రా.”

ఆ రోజు నుంచి అక్కడ నా పేరు డిగ్రీ.

సెంటరుతో పాటు ఆమె గోదావరి మీద లాంచీ ప్రయాణాలకు బుకింగులు తీసుకునేవారు. దానికొక వెబ్‌సైటు చేయించారు. జనం వెతికేటప్పుడు కొట్టే మాటలను కీవర్డ్‌లు అంటారు. ఆ మాటలు మన పేజీలో తగిన చోట ఉంటే సెర్చ్ ఇంజన్ మనలను పై వరుసలో చూపుతుంది. లేకపోతే ఎవరూ తెరవని వెనుక పేజీలలో పడవేస్తుంది. రాజమండ్రి వైపు నుంచి నడిచే మరొక బుకింగు సైటు ఎప్పుడూ మా పైనే ఉండేది. ఉదయం షట్టరు ఎత్తగానే మేడమ్ చేసే మొదటి పని ప్రార్థన. రెండవ పని ఆ వరుస చూడడం. “ఇయ్యాల గూడ నెత్తి మీదనే కూసున్నడు” అని ఆ సైటును మనిషిని తిట్టినట్టు తిట్టేవారు. అప్పుడే ముగిసిన ప్రార్థన గుర్తుకు వచ్చి చెంపలు వేసుకునేవారు.

కీవర్డ్‌ల కోసం ఆమె సెంటరుకు వచ్చినవారినల్లా పట్టుకునేవారు. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన విద్యార్థిని కావచ్చు, ఎదురుగా మంగలి దుకాణం నడిపే పెద్దమనిషి కావచ్చు. కుర్చీలో కూర్చొని ఒక్క వేలితోనైనా ఏదో ఒకటి కొట్టవలసిందే. తాను చెప్పకూడదని, ముఖంలో కూడా కనబడకూడదని వెనక్కి తిరిగి నిలబడేవారు. ఒకసారి లాంచీ నడిపే సరంగును కూర్చోబెట్టారు.

“గోదారి నాకు రోజు కనబడ్తనే ఉంటది మేడమ్, నేనెందుకు వెతుకుత?”

“నువ్వు కాదయ్యా. నీ లాంచీ ఎక్కేటోడు ఏం అడుగుతడు?”

అతడు తల గోక్కొని, “సరంగు తాగుతడా, మంచోడేనా అని అడుగుతడు” అన్నాడు. మేడమ్ నవ్వి, దానిని కూడా పేజీలో పెట్టించారు. ఫోనులో బుకింగు చేసిన ప్రతివారిని చివరన ఒకే ప్రశ్న అడిగేవారు. “ఏం కొడితే దొరికినం?” కొందరికి అర్థమయ్యేది కాదు. విసుక్కునేవారు కూడా. ఆమె అడగడం మానలేదు.

వానలు మొదలైతే లాంచీలు ఆగిపోతాయి. సైటుకు వచ్చేవారు తగ్గుతారు. అయితే ఆ కాలంలో జనం ఏ మాటలు వెతుకుతున్నారో పరిశీలించి, నేనే మేడమ్‌కు చూపించాను. గోదావరి వరద. భద్రాచలం నీటిమట్టం. కూనవరం రోడ్డు. ఆమె కళ్లు మెరిశాయి.

“గీ మాటలు మనం పెట్టుకోవాలె.”

“మన పేజీలో నీటిమట్టం లేదు కదా మేడమ్. లేనిదానిని ఉన్నట్టు చూపడం సరికాదేమో.”

“ఉన్నదని ఎవరన్నరు? కనబడకుండ పెడ్తం. వానకాలం నీళ్ల కోసం వచ్చినోడే చలికాలం లాంచీ ఎక్కుతడు. పెట్టు డిగ్రీ, నీతులు తర్వాత చెప్దువు.”

ఆ రోజులలో అది చాలామందికి తెలిసిన ఉపాయమే. పేజీ అడుగున, తెల్లని నేల మీద తెల్లని అక్షరాలతో ఆ మాటలను మళ్లీ మళ్లీ రాయడం. మనిషి కంటికి అక్కడ ఖాళీ స్థలం మాత్రమే ఉంటుంది. సెర్చ్ ఇంజన్‌కు మాత్రం పేజీ నిండా గోదావరి వరద కనబడుతుంది. కొద్ది రోజులలోనే ఆ మాటలు కొట్టినవారికి మేము మొట్టమొదటి వరుసలో కనబడసాగాం. మేడమ్ అందరికీ చాయ్ తెప్పించారు. మంగలి పెద్దమనిషికి కూడా పంపించారు.

ఆ ఏడు నది తొందరగా నిండింది. ఎగువన ఎడతెగని వానలు. మైకు కట్టిన ఆటో ఒకటి రెండవ ప్రమాద హెచ్చరికను చాటుతూ వీధులలో తిరిగిన మధ్యాహ్నం సెంటరులో గిరాకీ లేదు. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఫోను మోగింది. రేకుల మీద వాన చప్పుడుకు వినబడక మేడమ్ స్పీకరు మీట నొక్కారు.

“చెప్పండి, వింటున్న.”

“మేడమ్, నేను పాల్వంచ కెళ్లి మాట్లాడుతున్న. కాలనీల నెట్ సెంటర్ కాడ ఉన్న. గోదావరి నీటిమట్టం అని కొడితే పైన మీదే వచ్చింది. లోపలికి పోతే లాంచీ బొమ్మలున్నయి. నీళ్లెంతున్నయో ఏడుంది? పైకి కిందికి జరుపుతనే ఉన్న, కనబడ్తలేదు.”

మేడమూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అతడు ఆగకుండా చెప్పుకుపోయాడు. కరెంటు కేంద్రంలో షిఫ్టు పని. భార్య కానుపుకు పుట్టింటికి వెళ్లింది. ఆ ఊరు కూనవరం అవతల, గోదావరిలో కలిసే శబరి ఒడ్డున.

“కానుపై వారం గూడ దాటలే మేడమ్. మా బామ్మర్ది ట్రాక్టరు తెచ్చి గడపల పెట్టిండు. మా అత్త బాలింతను వానల బయటికి తియ్యనిస్తలేదు. నీళ్లు మన ఇంటి దాక ఎన్నడు రాలే, ఇప్పుడు రావు అంటది. రోడ్డు మునిగితే ఇగ తొవ్వ లేదు. ఊర్ల రేషన్ షాపు ఫోను ఒక్కటి మోగుతంది. గది గూడ ఎంతసేపుంటదో. కంట్రోల్ రూముకు కలుస్తలేదు. టీవీల పొద్దుగాల లెక్కే చెప్తున్నరు. నేనేమని చెప్పాలె వాళ్లకు?”

మేడమ్ అరచేయి ఫోను నోటి మీద పడింది.

‘ఇది లాంచీ బుకింగు ఆఫీసు’ అని ఆమె చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. అదే చెబుతారని నేను అనుకున్నాను. ఆమె నా కంప్యూటరు తెర వైపు చూస్తున్నారు. పేజీ అడుగున ఉన్న ఆ ఖాళీ స్థలం వైపు.

అరచేయి తీశారు.

“బాలింత, వారం దాటని బిడ్డ, శబరి ఒడ్డు, ట్రాక్టరు తయారుగ ఉన్నది, పెద్దామె వద్దంటంది. అంతే కదా?”

“అంతే మేడమ్.”

“అర్ధగంట ఆగి మళ్ల చెయ్యి. చూసొచ్చి చెప్త.”

గొడుగు తీసుకొని ఆమె స్నానఘట్టాల వైపు వెళ్లారు. అక్కడ నీటిమట్టం చూపే కొలతలు ఉంటాయి. ఆమె మోకాళ్లు మంచివి కావు. అంత వేగంగా నడవగా నేను అంతకుముందు చూడలేదు. ఆమె వెళ్లగానే ఫోను మళ్లీ మోగింది. పాల్వంచ మనిషి కాదు. సత్తుపల్లి బొగ్గు గని నుంచి ఒకరు, అదే ప్రశ్న. ఆ తరువాత హైదరాబాదు నుంచి ఒక ముసలి గొంతు, అదే ప్రశ్న. మా తెల్ల అక్షరాలు ఎవరెవరిని మా గడపకు తెస్తున్నాయో నాకు అప్పుడు తెలియవచ్చింది. “దయచేసి కొద్దిసేపు ఆగి చేయండి” అని మాత్రం అనగలిగాను.

మేడమ్ తడిసి ముద్దయి వచ్చారు. గొడుగు ఒక వైపు విరిగి వేలాడుతోంది.

“పొద్దటి కంటె మస్తు పెరిగింది. మెట్లు కనబడ్తలేవు. కాని ఇంక పెరుగుతదా, ఆగుతదా? గది తెల్వకుంట ఏం చెప్త?”

తల తుడుచుకోకుండానే దుమ్ముగూడెం పాత ఆపరేటరు ఇంటి నంబరు తిప్పారు. దుమ్ముగూడెం మాకు ఎగువన ఉంటుంది. అక్కడికి వచ్చిన నీరు తరువాత మా దగ్గరికి, మా దగ్గరి నుంచి కూనవరానికి చేరుతుంది. పూర్వం వరద వచ్చినప్పుడు ఏ ఊరి ఆపరేటరైనా తన లైను తెగిపోకముందే కింది ఊరి ఆపరేటరుకు నీటి సంగతి చెప్పేవారట. అది ఏ ఉత్తర్వులోనూ లేదని, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదని మేడమ్ ఒకసారి చెప్పారు.

“దుమ్ముగూడెం, నేను భద్రాచలాన్ని.”

అవతల ఒక దగ్గు వినిపించింది. ఆ తరువాత నవ్వు.

“భద్రాచలమా! ఇంక బతికే ఉన్నవా?”

“నువ్వుండంగ నేనెట్ల పోత? నీళ్ల సంగతి చెప్పు జల్దీ.”

“మా ఎనక వాడకు ఎక్కినయి. ఆగుడు లేదు. ఇప్పుడే చర్ల మాట్లాడింది, పైన ఇంక ఎక్కువుందట. కిందికి చెప్పినవా నువ్వు?”

“చెప్పెటందుకే కూసున్న.”

ఫోను పెట్టగానే మోగింది. పాల్వంచ మనిషి. మేడమ్ చూసినదీ విన్నదీ ఒక్కొక్కటిగా చెప్పారు. అతడు అంతా విన్నాడు.

“గదంత సరే మేడమ్. మీరు చెప్పున్రి. తియ్యమంటరా, వద్దంటరా?”

మళ్లీ అరచేయి పడింది.

ఆమె నియమం నాకు తెలుసు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, లెక్కో తెలియదు. నీరు ఆగిపోతే, పచ్చి బాలింతను, కళ్లు తెరవని బిడ్డను హోరువానలో పై కప్పు లేని ట్రాక్టరు ఎక్కించినవారు ఆమె అవుతారు. ఆగకపోతే, చెప్పకుండా ఊరుకున్నవారు కూడా ఆమే అవుతారు. స్పీకరులో అతని ఊపిరి వినబడుతోంది.

“మేడమ్, ఉన్నరా? బిడ్డకు ఏమన్నయితే మా అత్త ముంగట నేను ముఖం చూపెట్టలేను.”

అరచేయి తీశారు.

“నేను చెప్తున్న. ఇప్పుడే తియ్యమను. ఇంటిని చూసి కాదు, రోడ్డును చూసి బయలెల్లాలె. గోదావరి నిండితే శబరిని ఎనక్కి తంతది. గడపకు రాకముందే నీళ్లు రోడ్డు ఎక్కుతయి. గొడుగులతోటి కాదు. ట్రాక్టరు మీద టార్పాలిను కట్టమను, బిడ్డను తల్లి కడుపుకు చుట్టమను. మీ అత్తమ్మ అడ్డమొస్తే, భద్రాచలం చెప్పింది అను.”

“భద్రాచలం చెప్పింది అంట” అని అతడు తిరిగి అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మేడమ్ కుర్చీలో కూర్చున్నారు. చీర కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

“డిగ్రీ, ఆ తెల్ల అక్షరాలు నల్లగ చెయ్యి.”

“మేడమ్?”

“కనబడనీ. కింద కాదు, పైకి తే. లాంచీ బొమ్మ తీసెయ్. నీళ్లు ఎంతున్నయి, పెరుగుతున్నయా, ఏ రోడ్డు ఉంది, ఏ రోడ్డు లేదు, గిదొక్కటే ఉండాలె పేజీల.”

నేను అలాగే చేశాను. ఆ సాయంత్రం వరకు ఆమె కరకట్టకు వెళ్లి వస్తూనే ఉన్నారు. మంగలి పెద్దమనిషి తన గొడుగు ఇచ్చాడు. తరువాత తానే తోడు వెళ్లాడు. ఆమె చెప్పిన ప్రతి మార్పును నేను పేజీలో ఎక్కించాను. ఫోను మోగుతూనే ఉంది. ఆ రోజు ఆమె ఎవరినీ ‘ఏం కొడితే దొరికినం’ అని అడగలేదు.

మైకు ఆటో మూడవ ప్రమాద హెచ్చరికతో వచ్చింది. దాని వెనుకే డిపో వైపు నుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరు మా షట్టరు కింద తల తుడుచుకుంటూ, కూనవరం రోడ్డు మీదికి నీళ్లు ఎక్కాయని, బస్సులు వెనక్కి తిప్పుతున్నారని చెప్పాడు.

“ట్రాక్టరు ఏమన్న దాటిందా?” అని మేడమ్ అడిగారు.

“ఏ ట్రాక్టరమ్మా? శాన ఉన్నయి. కొన్ని దాటినయి, కొన్ని లేదు.”

ఆమె ఫోను తీగను వేలికి చుట్టడం మొదలుపెట్టారు. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టారు. వేలు తెల్లబడింది.

“తియ్యమని అనకపోయేదుండెనేమో” అన్నారు, నాతో కాదు.

పాల్వంచ మనిషి నంబరు మా దగ్గర లేదు. అతని పేరు కూడా అడగలేదు. రేషన్ షాపు ఫోను నంబరు తెలియదు. ఎదురుచూడడం తప్ప మరొక పని లేదు. మోగిన ప్రతిసారీ ఆమె మొదటి గంటకే ఎత్తారు. ప్రతిసారీ వేరెవరో. వారికి ఓపికగా నీటి సంగతి చెప్పి, పెట్టేసి, మళ్లీ తీగ పట్టుకున్నారు.

దీపాలు పెట్టే వేళ అతడు దొరికాడు. లైనులో గరగరమంటోంది.

“చెప్పండి, వింటున్న.”

“దాటిండ్రు మేడమ్! గుట్ట మీద బడిల ఉన్నరట. మా బామ్మర్ది ఇప్పుడే ఎవరి ఫోనుకెళ్లో మాట్లాడిండు. వీళ్లెనక వచ్చిన బండి నీళ్లు చూసి ఎనక్కి మర్లిందట. మా అత్త గూడ ఎక్కింది. భద్రాచలం చెప్పింది అనంగనే నోరు మూసుకొని ఎక్కిందట మేడమ్!”

మేడమ్ నోరు తెరిచారు. విన్నదానిని తిరిగి చెప్పాలి. అది ఆమె పద్ధతి. అయితే ఈసారి ఫోనును నా వైపు జరిపారు.

“నువ్వు అడుగు బిడ్డా.”

నన్ను ఆమె డిగ్రీ అనకుండా పిలిచింది ఆ ఒక్కసారే.

“తల్లి, బిడ్డ, అత్తగారు, ముగ్గురూ రోడ్డు దాటారు. అంతే కదండీ?” అన్నాను.

“అవ్ మేడమ్. అంతే.”

వరద తీసింది. చలికాలం వచ్చేసరికి మా సైటు ఏ మాట కొట్టినా కనబడకుండా పోయింది. తెల్ల అక్షరాల ఉపాయాన్ని సెర్చ్ ఇంజన్లు పసిగట్టి, అలాంటి సైట్లను వరుసలోనే లేకుండా చేస్తున్న రోజులవి. మేము రంగు మార్చినది మొదటి పేజీలోనే. లోపలి పేజీలలో పాత తెల్ల మాటలు అలాగే ఉండిపోయాయి. లాంచీ గిరాకీ అంతా రాజమండ్రి సైటుకు వెళ్లింది. “చేసిన పనికి ఆ సెర్చ్ ఇంజనోడు పట్టుకున్నడు, ఏమంటం?” అని మేడమ్ ఆ మాటలన్నిటినీ నా చేత తీసివేయించారు. రోజూ ఉదయం షట్టరు ఎత్తి, ప్రార్థన చేసి, వరుస చూసి, ఆ సైటును తిట్టకుండానే లేచేవారు.

మరుసటి ఏడు మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజు ఫోను మోగింది. ఒక పెద్దాయన. కూతురు దిగువ ఊరిలో ఉందట; గోదావరి ఎంత ఉంది, రోడ్డు ఉంటుందా అని అడిగాడు. మేడమ్ అంతా విని, ముక్కలు చేసి తిరిగి చెప్పారు. అతడు అంతే అన్నాడు. పాత అలవాటు కొద్దీ ఆమె నోట ఆ ప్రశ్న వచ్చేసింది.

“ఏం కొడితే దొరికినం?”

“కొట్టుడేందమ్మా? నాకు గవన్నీ రావు. పాల్వంచల మా పక్క క్వార్టర్ల ఒకాయన ఉన్నడు, చిన్నబిడ్డ తండ్రి. గీ నంబరిచ్చి, భద్రాచలానికి ఫోను చెయ్యి, చెప్తది అన్నడు.”

మేడమ్ ఫోను నోటి మీద అరచేయి పెట్టి నా వైపు తిరిగారు.

“డిగ్రీ, దీన్ని ఏ పేజీల పెడ్తవు?”

అరచేయి తీసి, “అర్ధగంట ఆగి మళ్ల చెయ్యున్రి” అని ఫోను పెట్టేసి, ఆమె గొడుగు తీసుకున్నారు.